బావమరిది సరుగుడు తోపు

బాపట్ల స్టేషన్ పక్కన షామియానా వేసి పట్టాల వెంట సరుగుడు తోపు పెంచినందుకు మనోజ్‌కి శాలువా కప్పినప్పుడు, అందరికంటే ఆలస్యంగా చప్పట్లు కొట్టినవాడు వీరాస్వామి. ఆలస్యంగా మొదలుపెట్టి, అందరికంటే ముందు ఆపేశాడు. పక్క కుర్చీలో అతని భార్య చంద్రకళ ఫోను ఎత్తి పట్టుకుని వీడియో తీస్తోంది. శాలువా కప్పించుకుంటున్నది ఆమె తమ్ముడు. ఆమె మొహం వెలిగిపోతోంది.

మనోజ్ మైకు ముందుకొచ్చాడు. “ఈ పనిలో నాకు ఓనమాలు నేర్పింది మా బావగారండి. ఆయన లేకపోతే ఈ తోపు లేదు,” అన్నాడు. స్టేజీ దిగి వచ్చి, అందరూ చూస్తుండగా వీరాస్వామి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కూడా వంగిన మనోజ్‌కేనని, నిలబడ్డ తనకి కాదని వీరాస్వామికి తెలిసిపోయింది.

“చాల్లే, లేవరా,” అన్నాడు నవ్వుతూ. నవ్వి నవ్వి దవడలు నొప్పి పుట్టాయి.

వీరాస్వామిది జంపని. చెరకు తోటల మధ్య పెరిగినవాడు. అన్నదమ్ముల పంపకాలయ్యాక తన వాటాకొచ్చిన పొలం చెక్క కౌలుకిచ్చి, తెనాలిలో ఇల్లు తీసుకుని, రైలు కట్ట వెంట చెట్లు పెంచే పనిలో చేరాడు. బంధువులకి ఆ ఉద్యోగం అంతుపట్టేది కాదు. “రైల్వే అంటే డ్రైవరా, టీసీనా?” అని అడిగేవారు. “చెట్లు పెంచుతానండి” అంటే, “దానికి కూడా జీతం ఇస్తారా!” అని నవ్వేవారు.

పని మాత్రం చిన్నదేం కాదు. తెనాలి నుంచి రేపల్లె పోయే లైను నల్లమట్టి మీద పోసిన కట్ట. వానాకాలంలో ఆ మట్టి జావలా జారుతుంది. ఎండాకాలంలో చెయ్యి దూరేటంత నెర్రెలు ఇస్తుంది. చాలా చోట్ల ఒక పక్క కాలవ, ఇంకో పక్క వరి చేలు. కట్ట జారకుండా వాలు మీద వట్టివేరు దుబ్బులు నాటాలి, దిగువన కానుగ వెయ్యాలి, దాని వెనక వేప, నేరేడు పెంచాలి. పట్టాల దగ్గర పొట్టి చెట్లు, దూరం జరిగేకొద్దీ పొడుగు చెట్లు. ఏ చెట్టు కూలినా పట్టాల మీద పడకూడదు. మలుపులో డ్రైవరు చూపుకి అడ్డం రాకూడదు. కరెంటు తీగల్ని తాకకూడదు. వీరాస్వామి జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ ఇదే చేస్తున్నాడు. అతని చేతికొచ్చాక ఆ కట్ట ఎక్కడా పెద్దగా జారింది లేదు. జారని కట్టని ఆగి చూసేవాళ్ళు మాత్రం ఎవరూ ఉండరు.

మనోజ్‌ని ఈ పనిలోకి తెచ్చింది కూడా అతనే. అక్క పెళ్ళినాటికి మనోజ్ నిక్కరేసుకునే పిల్లాడు. పెళ్ళికొడుకు ఒళ్ళో ఎక్కి కూర్చుని దిగనని ఏడ్చాడని ఇప్పటికీ ఇంట్లో చెప్పుకుంటారు. డిగ్రీ అయ్యాక ఖాళీగా తిరుగుతుంటే, చంద్రకళ పోరు పడలేక వీరాస్వామి వాణ్ణి కట్ట మీదకి తీసుకెళ్ళాడు. మొక్కని ఎంత లోతున పెట్టాలో, వేరు తెగకుండా సంచి ఎలా చింపాలో, గేదెలు తొక్కకుండా ముళ్ళకంప ఎలా కట్టాలో చూపించాడు. ఒకసారి చూపిస్తే చాలు, వాడు పట్టేసేవాడు. మొదట్లో ఆ చురుకు చూసి వీరాస్వామి పదిమందికీ చెప్పుకుని మురిసేవాడు.

కొన్నాళ్ళకి బాపట్ల సెక్షన్లో ఇదే ఉద్యోగం ఖాళీ అయింది. అది మెయిన్ లైను. ఇసుక నేల, సముద్రపు గాలి, ఎడతెరిపి లేకుండా ఎక్స్‌ప్రెస్ బండ్లు. ఆ చోటు తనకే వస్తుందని వీరాస్వామి గట్టిగా నమ్మాడు. పై అధికారి భువనేశ్వరి అతన్ని పిలిపించారు.

“రేపల్లె కట్టని మీరు తప్ప ఇంకొకళ్ళు చూడలేరు వీరాస్వామి గారూ. బాపట్లకి మనోజ్‌ని పంపుదాం. మీ మనిషేగా.”

“అలాగేనండి,” అన్నాడు వీరాస్వామి.

ఆవిడ మెచ్చుకుంటూనే అన్నారు. బయటికొచ్చి బండి స్టార్ట్ చేస్తుంటే మాత్రం అతనికి ఆ మాట, మూలనున్న పనిముట్టుని మూలనే ఉంచుదాం అన్నట్టు వినపడింది.

సరుగుడుకి ఇసుకంటే ప్రాణం. నాలుగైదేళ్ళు తిరిగేసరికి బాపట్ల దాటాక పట్టాల వెంట పచ్చటి గోడ లేచింది. అంతకుముందు వేసవి గాలికి ఇసుక ఎగిరొచ్చి పట్టాల మీద మేట వేసేది. పట్టాలు బాగుచేసే గ్యాంగువాళ్ళు పారలతో ఎత్తిపోయలేక చచ్చేవాళ్ళు. తోపు లేచాక ఆ బాధ పోయింది. బండి తలుపుల దగ్గర నిలబడ్డ కుర్రాళ్ళు వీడియోలు తీసి నలుగురికీ పంపారు. పేపర్లో ఫోటో పడింది. వేరే చోట్ల నుంచి అధికారులొచ్చి చూసి వెళ్ళారు. ఇక్కడ రేపల్లె పాసింజరు ఎక్కేవాళ్ళేమో, బండి ఆగినప్పుడు నేరేడు కొమ్మ వంచి పళ్ళు కోసుకుని, తిన్నంత తిని గింజలు ఊసి పోయేవారు.

ఇంట్లో ఇంకా కష్టంగా ఉండేది. చంద్రకళ ఫోను తెరిస్తే తమ్ముడి తోపే కనిపించేది.

“ఏవండీ, ఇది చూశారా? మావాడు పొద్దున్న మంచులో తీసి పంపాడు. ఊటీలా లేదూ?”

“ఊటీలో సరుగుడు ఉండదు.”

“అన్నిటికీ ఓ పుల్ల పెడతారేంటండీ మీరు! మీ చెట్లవి కూడా ఓ ఫోటో తియ్యొచ్చుగా?”

“కట్టని ఫోటో తీస్తే ఏముంటది? గడ్డి.”

అలా అన్నాడు గానీ, మర్నాడు తన కట్ట మీద, పల్లికోన దగ్గర, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని ఫోటో తీశాడు. కూర్చుని తీశాడు, కాలవ అవతలికి పోయి తీశాడు. ఎలా తీసినా గడ్డి గడ్డిలాగే ఉంది. అన్నీ ఫోన్లోంచి చెరిపేశాడు.

ఓసారి మనోజ్ ఫోను చేసి, తన సెక్షన్లో ఓ తూము పక్కన మట్టి జారుతోందని, వట్టివేరు దుబ్బులు కొన్ని ఇమ్మని అడిగాడు. వీరాస్వామి ఎదురుగా దుబ్బులు కోతకొచ్చిన వరిలా నిండుగా ఊగుతున్నాయి. “ఈ ఏడు లేవురా, అన్నీ ఎండిపోయాయి,” అన్నాడు. “పోన్లే బావా, ఎక్కడన్నా తెచ్చుకుంటాలే. నువ్వు శ్రమపడకు,” అన్నాడు మనోజ్. వాడు కోప్పడి ఉంటే వీరాస్వామికి కాస్త నెమ్మదించేది.

శాలువా కప్పిన ఏడాదే, తుపాన్ల కాలం ముందు భువనేశ్వరి ఒక ఏర్పాటు చేశారు. ఎవరి తోపు వాళ్ళు చూసుకుంటే లోపం కనపడదు కాబట్టి ఒకరి సెక్షన్ ఇంకొకరు నడిచి చూడాలి. వీరాస్వామికి బాపట్ల పడింది. అతను ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు.

తోపులో అడుగుపెడుతూనే అతని కళ్ళు తప్పు కోసం వెతకడం మొదలుపెట్టాయి. ఆకు చూశాడు, బెరడు చూశాడు, చెద ఉందేమోనని మొదళ్ళు తట్టాడు. ఏమీ దొరకలేదు. తోపంతా చల్లగా ఉంది. గాలికి సరుగుడు ఆకుల హోరు సముద్రం మీద నుంచి వస్తున్నట్టే ఉంది. ఇంత బాగా తను కూడా పెంచలేడేమో అనిపించి, అక్కడే ఓ చెట్టు మొదట్లో కాసేపు కూర్చుండిపోయాడు.

లేచి పట్టాల వైపు వరసకి వచ్చాక కనిపించింది. చెట్లు మరీ ఒత్తుగా ఉన్నాయి. మధ్యమధ్యలో కొట్టేసి ఎడం చెయ్యాల్సిన వయసు దాటిపోయింది. వెలుతురు కోసం ఒకదానితో ఒకటి పోటీపడి పొడుగ్గా సాగాయి గానీ, కాండాలు లావెక్కలేదు. ముందు వరస మొత్తం పట్టాల వైపు వాలి ఉంది. దాని అడుగున వాననీళ్ళు కాలవ కోసి ఇసుకని తీసుకుపోతే, వేళ్ళు బయటపడి ఉన్నాయి. వీరాస్వామి ఒక చెట్టుని భుజంతో నెట్టాడు. అవతల పక్క నేల చిన్నగా పైకి లేచి మళ్ళీ కిందికి దిగింది.

వెతుకుతున్నది దొరికింది. ఎన్నాళ్ళుగానో మండుతున్న ఒళ్ళు ఒక్కసారిగా చల్లబడ్డట్టయింది.

వెనక నుంచి మనోజ్ వచ్చాడు. “ఎలా ఉంది బావా?”

“బాగుంది.”

“నిజం చెప్పు. ఎడం చెయ్యాలంటావా? చేద్దామనే అనుకుంటున్నా. చేతులు రావట్లేదు. ఇంతమంది చూడ్డానికొస్తున్నారు, సందులు పడితే బోసిగా ఉంటుందేమోనని.”

వాడు సూటిగానే అడిగాడు. వీరాస్వామి వాలిన వరస వైపు చూడకుండా, దూరంగా స్టేషన్ వైపు చూశాడు.

“తొందరేముందిరా? వేసవికి చూసుకోవచ్చు.”

భువనేశ్వరి ఫోన్లో అడిగినప్పుడు కూడా, “బాగుందండి. ఏమీ ఇబ్బంది లేదండి,” అని చెప్పాడు. ఇంటికెళ్ళి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. “మావాడి తోపు ఎలా ఉందండీ?” అని చంద్రకళ అడిగితే, పెరుగు వేయించుకుంటూ, “చాలా బాగుంది,” అన్నాడు. తమ్ముణ్ణి భర్త మెచ్చుకున్నాడని ఆమె సంబరపడింది.

డిసెంబర్లో సముద్రంలో వాయుగుండం పడింది. అది తుపానుగా మారి బాపట్ల దగ్గర తీరం దాటుతుందని టీవీలో చెప్పారు. ఆ ఉదయం వీరాస్వామి పల్లికోన దగ్గర కాలవ అంచున ఇసుక బస్తాలు వేయిస్తున్నాడు. వాన సన్నగా మొదలైంది. చేలల్లో రైతులు కోసిన వరి ఓదెల్ని హడావిడిగా కుప్పలు పెట్టి టార్పాలిన్లు కప్పుతున్నారు. అప్పుడు మనోజ్ ఫోను వచ్చింది.

“బావా, కాలవ పొంగుతోందా? మనుషులు సరిపోయారా? నా దగ్గర్నుంచి నలుగుర్ని పంపమంటావా?”

“అక్కర్లేదు. నువ్వెక్కడున్నావు?”

“తోపు దగ్గరే. ఈపూట గ్యాంగు గదిలోనే ఉంటా. గాలి పెరిగితే లైను మీద ఓ కన్నేసి ఉంచాలిగా.”

గ్యాంగు గది ఎక్కడుందో వీరాస్వామికి తెలుసు. వాలిన వరసకీ పట్టాలకీ మధ్యనే ఉంది.

“ఇంటికి పోరా,” అన్నాడు.

“తోపుని వదిలేసి ఎలా పోతాను బావా? నువ్వైతే పోతావా?”

ఫోను పెట్టేశాక వీరాస్వామికి ముందుగా కళ్ళ ముందు కనిపించింది, కూలిపోయిన తోపు. దాని పక్కన తలొంచుకున్న మనోజ్. ఆ బొమ్మ చూసి అతని మనసు సంతోషపడింది కూడా. ఆ తర్వాతే గది కప్పు కనిపించింది, ఆ కప్పు కింద వాడు కనిపించాడు. వాడి వెనకే, నిండా జనంతో వచ్చే బండి. ఆ పైన చంద్రకళ. బస్తాలు వదిలేసి కట్ట మీదకి ఎక్కాడు.

అతని కింద పనిచేసే ఆడవాళ్ళకి పెద్ద కనకదుర్గ. ఆమెని పిలిచి, “అమ్మా, నేను బాపట్ల పోవాలి. నువ్వు ఆపకుండా వేయించు. మలుపు దగ్గర ముందు వెయ్యండి,” అన్నాడు.

“ఇప్పుడా బాబాయ్? కాలవ చూడు ఎలా ఉందో!”

“చూశాను. పోవాలి,” అని బండెక్కాడు.

చెరుకుపల్లి మీదుగా పోతుంటే పక్క గాలి బండిని రోడ్డు దించేస్తోంది. హెల్మెట్ అద్దం మీద నీళ్ళు కారి దారి కనపడక, దాన్ని తీసేసి నడిపాడు. తోపు దగ్గర బండి ఆపాడు. మనోజ్ గదిలోంచి గొడుగేసుకుని పరిగెత్తుకొచ్చాడు.

“ఏమైంది బావా? అక్క బాగుందా?”

“ముందు రెండు వరసలూ కొట్టించు. ఇప్పుడే.”

“ఏంటి?”

“వాలి ఉన్నాయిరా. గాలి వస్తే పట్టాల మీద పడతాయి. నీ గది మీద పడతాయి. మిషను రంపాలు తెప్పించు, స్టేషన్ మాస్టర్‌కి చెప్పు.”

మనోజ్ అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. వాడి మొహంలో నవ్వు పోయింది.

“నేను చూస్తూనే ఉన్నా బావా, చాలా ఏళ్ళుగా. శాలువా కప్పిన రోజు కూడా చూశాను. నా తోపు నిలబడితే నువ్వు చూడలేవు. తుపాను వంక పెట్టి కొట్టించాలని ఇంతదూరం వచ్చావా?”

వానలో ఇద్దరూ నిలబడ్డారు. ఎవరూ ఎన్నడూ పైకి అనని మాట అది. వీరాస్వామి కాదని అనబోయి ఆగిపోయాడు.

“అవున్రా. చూడలేను. నిద్దర పట్టదు నాకు. నన్ను తర్వాత ఏమన్నా అను. ముందు వచ్చి ఈ చెట్టు మీద చెయ్యి వెయ్యి.”

చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. మనోజ్ చెట్టుకి అరచెయ్యి ఆనించాడు. గాలి విసిరినప్పుడల్లా పాదాల కింద నేల లేచి దిగుతోంది. వాడు పక్క చెట్టు దగ్గరికి పోయాడు, ఆ పక్కదాని దగ్గరికి పోయాడు. వెనక్కి వచ్చేసరికి మొహం పాలిపోయింది. ఫోను తీసి గ్యాంగువాళ్ళని పిలిచాడు.

అప్పటికే చాలా బండ్లు రద్దు చేశారు. మిగిలినవాటిని స్టేషన్ మాస్టర్ ఆపి ఉంచాడు. చెట్లకి మోకులు కట్టి, పట్టాలకి ఎదురు దిక్కుకి లాగుతూ, ఒక్కొక్కటే కోశారు. మొదటి చెట్టుకి మనోజే రంపం పెట్టాడు. తను పెంచిన చెట్టు చప్పుడుతో పడినప్పుడు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. వీరాస్వామి మోకు పట్టుకుని లాగుతున్నాడు. అరచేతులు చీరుకుపోయాయి. ముందు వరసలు నేలకొరిగాక, నిలబడడానికి వీల్లేనంత గాలి వచ్చింది. అందరూ స్టేషన్లోకి పరిగెత్తారు.

వెయిటింగ్ హాల్లో తలుపులు బిగించి కూర్చున్నారు. బయట రేకులు ఎగిరిపోతున్న చప్పుడు. ఎవరో టీ ఇచ్చారు. మనోజ్ గ్లాసు చేత్తో పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

“ఆ రోజు వచ్చినప్పుడే చూశావు కదా బావా?”

“చూశాను.”

“నేను అడిగాను కూడా.”

“అడిగావు.”

“వేసవికి చూసుకోవచ్చన్నావు.”

వీరాస్వామి తల ఊపాడు. చివరికి మనోజ్ టీ పక్కన పెట్టి, “అక్కకి చెప్పకు. నేనూ చెప్పను,” అన్నాడు.

తుపాను వెళ్ళాక చూస్తే తోపులో వెనక వరసల్లో చాలా చెట్లు విరిగిపోయి ఉన్నాయి. అన్నీ ఖాళీ చేసిన జాగాలోనే పడ్డాయి. పట్టాల మీదకి ఒక్కటీ రాలేదు. గ్యాంగు గది అలాగే ఉంది. ఆ లైను మీద బండ్లు తొందరగానే నడిచాయి. విరిగిన చెట్ల మధ్య రంపం పట్టుకుని నిలబడ్డ మనోజ్ ఫోటో మళ్ళీ పేపర్లో వచ్చింది.

రేపల్లె లైన్లో మాత్రం పల్లికోన మలుపు దగ్గర కట్ట జారింది. కనకదుర్గా మిగతావాళ్ళూ నడుము లోతు నీళ్ళల్లో నిలబడి చేయగలిగినంత చేశారు. బస్తాలు చాలలేదు. కొన్నాళ్ళు ఆ లైను మీద బండ్లు ఆగిపోయాయి. రేపల్లె వాళ్ళు బస్సుల్లో వేలాడుతూ తిట్టుకున్నారు. వీరాస్వామి ఆ జారిన చోట నిలబడి, తన మొహం మీద ఎవరో గీరిన గాటుని చూస్తున్నట్టు చూస్తూ ఉండిపోయాడు.

భువనేశ్వరి ఇద్దర్నీ పిలిపించారు. “తుపాను రోజు మీరు మీ సెక్షన్లో లేరట. ఎందుకు వెళ్ళారు వీరాస్వామి గారూ?”

అతను నోరు తెరిచేలోపే మనోజ్ అందుకున్నాడు. “నేనే రమ్మన్నానండి మేడం. ముందు వరస మీద అనుమానం వచ్చి, బావ అయితేనే తెలుస్తుందని పిలిచాను. ఆయన రాకపోతే ఆ రోజు నేను ఉండేవాణ్ణి కాదు.”

సగం అబద్ధం, సగం నిజం. ఆవిడ ఇంకేమీ అడగలేదు. కిందికి మెట్లు దిగుతుంటే వీరాస్వామికి గుండెల్లో మళ్ళీ పాత మంటే రగిలింది. వీడు చెట్లు పెంచడంలోనే అనుకున్నాను, మనిషితనంలో కూడా నాకంటే పైనే నిలబడ్డాడే అని.

ఆ కోపంలోనే వెనక్కి తిరిగి మెట్లెక్కాడు. భువనేశ్వరి గది తలుపు తోసి నిలబడ్డాడు.

“మేడం, మనోజ్ పిలవలేదండి. ముందే చూశాను నేను. చూసి, బాగుందని మీకు చెప్పాను.”

“ఎందుకు?”

“ఓర్వలేకండి.”

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ ఏడు అతనికి రావలసిన జీతం పెంపు ఆగిపోయింది. మనోజ్‌కి మాత్రం పదోన్నతి వచ్చింది. ఇంట్లో చంద్రకళకి కూడా వీరాస్వామే చెప్పాడు. ఆమె వారం పైనే అతనితో ముక్తసరిగా మాట్లాడింది. కంచం పెట్టేది, కూర వడ్డించేది, వెళ్ళి టీవీ ముందు కూర్చునేది. తమ్ముడొచ్చి, “ఆయన రాబట్టే నేనున్నాను కదే అక్కా,” అన్నాక కాస్త మెత్తబడింది.

ఇప్పుడు బాపట్లలో ఖాళీ అయిన జాగాలో కొత్త మొక్కలు వేస్తున్నారు. పట్టాల వైపు పొట్టిగా పెరిగే చెట్లు, వెనకే ఎడంగా సరుగుడు. అది కుదిరేదాకా వారానికి కొన్ని రోజులు అక్కడ పనిచేయమని వీరాస్వామికి చెప్పారు. మిగతా రోజులు పల్లికోన కట్ట. ఈసారి తూము పక్కన నాటడానికి వట్టివేరు దుబ్బులు తనే బస్తాల్లో కట్టి తీసుకెళ్ళాడు. ఎక్కడ ఎంత ఎడం ఉండాలనే దాని మీద బావా బావమరుదులు రోజూ పోట్లాడుకుంటారు. మాట మీద మాట పెరిగి, కూలీలు పని ఆపి చూసేదాకా వస్తుంది.

తెనాలిలో రైలు దిగి ఇంటికి పోతూ వీరాస్వామి ఓ టీ కొట్టు దగ్గర ఆగుతుంటాడు. ఈ సంగతి తెలిసిన పాత స్నేహితుడొకాయన అక్కడ అడిగాడు.

“ఏం వీరాస్వామీ, మీ బావమరిది మీద ఆ బాధ తగ్గిందా?”

“ఎక్కడండీ! ఇవాళ ఎవరో కాకుమాను నుంచి వచ్చి, మనోజ్ గారి తోపు ఎక్కడండీ అని నన్నే అడిగారు. ఒళ్ళు మండిపోయింది.”

“మరేం చేశావు?”

“తీసుకెళ్ళి చూపించాను. మూడో వరసలో ఒక చెట్టు మళ్ళీ వాలుతోందండి. ఇందాకే ఫోను చేసి వాడికి చెప్పాను. రేపు పొద్దున్నే వచ్చి కొడతానన్నాడు.”

టీ డబ్బులిచ్చి, సంచీ భుజానికేసుకుని ఇంటి వైపు నడిచాడు.